పూజారి తినలేని మామిడి

నేను ఏజెన్సీలో రక్తం తీయడం మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేళ్లయింది. మాది గజపతినగరం పక్కన పల్లె. కొండెక్కిన మొదటి ఏడాదే చలిజ్వరం వస్తే నా వేలు నేనే పొడుచుకుని, నా స్లైడు నేనే చూసుకుని, నాకు మలేరియా అని నాకు నేనే చెప్పుకున్నాను. అంతటి ఘనుణ్ని. ఆ ఘనుడే, ఈ వరహాలరావే, ఒక మంచి మనిషిని నోటిమాటతో చంపబోయాడు. ఆ మనిషి పేరు సుక్రు. ఇది సుక్రు కథ. మధ్యమధ్య నేను దూరుతుంటాను, తప్పు నాది గనక తప్పదు.

సుక్రుది తోటపుట్టు. పెదబయలు దాటాక గెడ్డ దగ్గర, అంటే కొండవాగు దగ్గర, జీపు ఆగిపోతుంది. అక్కడ దిగి గంటసేపు నడవాలి. నలభై గడపల ఊరు. సుక్రు ఆ ఊరికి పూజారి. పూజారి అనగానే మీరు జంధ్యం, గంట, శఠగోపం ఊహించుకోకండి. మోకాళ్లదాకా ఎగ్గట్టిన లుంగీ, మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు, చెవులకు పోగులు, నడుముకో కత్తి. ఏడాదిలో ఎక్కువ రోజులు అందరిలాగే కాఫీ పళ్లు ఏరుకుంటాడు, సోళ్లు, అంటే రాగులు, చల్లుకుంటాడు, సిల్వరోక్ చెట్లకి మిరియం తీగలు ఎక్కించుకుంటాడు. కొన్ని రోజులు మాత్రం ఊరు ఊరంతా అతని నోటికేసి చూస్తుంది.

నోటికేసే. ఆ కొండల్లో ఏ పంటనైనా, ఏ పండునైనా కొత్త అనే పండగ చెయ్యకుండా తినరు. మామిడి కొత్త చైత్రంలో వస్తుంది. అంతవరకూ కాయ రాలి నెత్తి మీద పడ్డా పక్కకు నెట్టి నడిచిపోతారు తప్ప నాలిక మీద వెయ్యరు. సంతలో కింద నుంచి వచ్చిన మామిడికాయలు కుప్పలు పోసి ఉన్నా తోటపుట్టు వాళ్లు అటు తిరిగి చూడరు. కొత్త రోజున ఊరి దేవత జాకరమ్మ రాళ్ల దగ్గర పూజారి కాయ కోస్తాడు. ముందు చచ్చిపోయిన పెద్దలకి ఒక ముక్క, తర్వాత అమ్మకి ఒక ముక్క పెట్టి, మూడోది తను తింటాడు. అతను నమిలి మింగాక మిగతావాళ్లు తినాలి. సుక్రు తాత అలా తిన్నాడు, తండ్రి తిన్నాడు. తండ్రి పోయాక పంతొమ్మిదో ఏట నుంచి సుక్రు తింటున్నాడు. ఇప్పుడతనికి యాభై నాలుగు.

నాకు అతను స్లైడుల కాలం నుంచీ తెలుసు. ఒకసారి మా ఫార్మసీలో జ్వరం బిళ్లలు పొరపాటున నాలుగు ఎక్కువ ఇచ్చేశారు. ఇంటికెళ్లి లెక్క చూసుకుని, మర్నాడు పొద్దున్నే ఆ నాలుగూ ఆకులో చుట్టుకుని తిరిగి తెచ్చాడు. "ఇవి ఇంకెవుల జొరానివో బాబూ, నాకాడ ఉండిపోనాయి" అన్నాడు. మా ఆసుపత్రి చరిత్రలో బిళ్లలు తిరిగొచ్చింది ఆ ఒక్కసారే. అప్పట్నుంచి నేనతన్ని 'హరిశ్చంద్రా' అని వెక్కిరించేవాణ్ని. ఆయనెవరని ఒకరోజు అడిగాడు. అబద్ధం చెప్పలేక అన్నీ పోగొట్టుకున్నాడని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి పెళ్లాం ఏటీ అన్లేదా?" అన్నాడు.

పెళ్లాం మాట వచ్చింది గనక చెప్పాలి. అతని భార్య చిన్నమ్మి. మనిషి పిడికెడు, గొంతు ఊరెడు. ఈ ఏడాది మాఘమాసం పోతూండగా ఆవిడే సుక్రు చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుంటూ ఆసుపత్రికి తెచ్చింది. మా డాక్టరు అనూరాధ మేడమ్ వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. చిన్న వయసు, పెద్ద ఓపిక.

"డాట్రమ్మా, ఈ మనిషి సెప్పడు, నాను సెప్తాను" అంది చిన్నమ్మి. "మూడేళ్లయి, కొత్తనాడు మామిడి ముక్క నోట్లో ఎట్టుకోడం, మూతి వాసిపోడం. మొదటేడు పెదాలే. ఆ మరసటేడు ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురు. పోయినేడు గొంతు మూసుకుపోయి, గెడ్డ ఒడ్డున ఏసిన సేపలాగ కొట్టుకున్నాడు. నాను నీళ్లు కొట్టి, బోర్లా పడుకోబెట్టి ఈపు రాసినాను. ఊళ్లో అడిగితే కల్లు ఎక్కువైపోనాదన్నాడు. కల్లు తాగితే నాకు తెలీదేటి!"

సుక్రు తల దించుకుని కూర్చున్నాడు. మేడమ్ ఒక్కొక్కటే అడిగింది. తిన్నాక ఎంతసేపటికి? సుట్ట ఒకటి కాల్చినంతసేపు పట్టదట. మిగతా రోజుల్లో మామిడి తింటున్నారా? మొదటేడు నుంచి మానేశాడు, ఆ కొత్త ముక్క ఒక్కటే. పనస? తింటాడు. జీడిపప్పు? నవ్వి, "దొరికితే" అన్నాడు. అన్నీ రాసుకుని, రక్తం తియ్యమని నాకు చెప్పింది. ఆ పరీక్ష మా దగ్గర లేదు. విశాఖపట్నం పంపాలి. రిపోర్టు వచ్చేదాకా మామిడి ముట్టవద్దని గట్టిగా చెప్పి పంపించింది.

ఊళ్లో అది చిన్న విషయం కాదు. కొత్త తిన్న పూజారి మూతి వాచిందంటే అమ్మ ఆ ముక్కని కాదన్నట్టు. అమ్మ కాదన్నదంటే పూజారిలో ఏదో దోషం ఉన్నట్టు. ఆ దోషం బయటపడితే ఆ ఇంటికి పూజారితనం పోతుంది. దాంతో వచ్చే లాభం ఏమీ లేదు, ఒక కోడి తొడ తప్ప. కానీ పోతే తలెత్తుకుని గెడ్డకి నీళ్లకెళ్లలేరు.

రిపోర్టు వచ్చిన వారం మేడమ్ శిక్షణకని విశాఖపట్నం వెళ్లింది. సుక్రు మాత్రం చెప్పిన రోజుకి ఠంచనుగా వచ్చి నా గది ముందు నిలబడ్డాడు. కవరు నేనే విప్పాను. మామిడికి ఎదురుగా 0.46 అని ఉంది. పక్కన ఇంగ్లీషులో 'తక్కువ' అని ఉంది.

ఇక్కడ నా విద్య గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. టైఫాయిడుకి మేం విడాల్ అని ఒక పరీక్ష చేస్తాం. అదీ యాంటీబాడీలు చూసే పరీక్షే, అంటే ఒంట్లోకి చొరబడ్డవాటిని గుర్తుపట్టి తగువుకెళ్లే కావలివాళ్లన్నమాట. గెడ్డ నీళ్లు తాగే ఈ కొండల మీద ప్రతివాడి రక్తంలోనూ ఆ కావలివాళ్లు ఎంతో కొంత ఉంటారు. అందుకని విడాల్‌లో అంకె చిన్నదొస్తే 'ఏమీ లేదు, పో' అని కొట్టిపారెయ్యడం మాకు వెన్నతో పెట్టిన విద్య. వేల మందికి అలాగే చెప్పాను, ఒక్కసారీ మాట పడలేదు. యాంటీబాడీ ఎక్కడైనా యాంటీబాడీయే కదా అనుకున్నాను. డాక్టరు వచ్చేదాకా ఆగమనాలి. ఆగలేదు. పాత స్నేహితుడు గుమ్మంలో నిలబడితే మంచి కబురు నేనే చెప్పాలని ఉబలాటపడ్డాను.

"పూజారీ, నీకేం లేదయ్యా!" అన్నాను. "అర కూడా లేదు. ఈ పాటి అందరికీ ఉంటుంది. మామిడి నీకు పడకపోవడమేంటి, బుట్టెడు తిను."

అతను ఎగిరి గంతేస్తాడనుకున్నాను. మొహం బూడిదైపోయింది.

"నిజింగా రోగం లేదా బాబూ?"

"లేదంటుంటే!"

"బాగా సూడు. మిసను తప్పు సెప్పదా?"

"మిషన్ తప్పు చెప్పదు, ఇరవై తొమ్మిదేళ్లుగా నేనూ తప్పు చెప్పలేదు."

"అయితే అదే" అన్నాడు. ఏది అదే అని నేను అడగలేదు. బయట రక్తం కోసం పదిమంది వరసలో ఉన్నారు. అతను దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. రోగం లేదంటే ఏడుపు మొహం పెట్టేవాణ్ని మొదటిసారి చూశానని మధ్యాహ్నం టీ దగ్గర చెప్పి నలుగుర్నీ నవ్వించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగు రోజులకి మేడమ్ వచ్చింది. వస్తూనే సుక్రు రిపోర్టు అడిగింది. ఇచ్చి, నేను చెప్పిందీ చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచింది. నన్నెప్పుడూ 'గారూ' లేకుండా పిలవని మనిషి ఆ రోజూ పిలవలేదు గానీ, ఆ 'గారు' చెంపదెబ్బలా తగిలింది.

"వరహాలరావు గారూ, ఇది విడాల్ కాదండీ. 0.35 దాటితే ఆ రక్తం మామిడిని గుర్తుపట్టినట్టే. అంకె పెద్దదైతే జబ్బు ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. ఎంత గట్టిగా వస్తుందో అంకె చెప్పదు. ఇరవై వచ్చినవాడు బుట్టెడు తిని హాయిగా ఉండొచ్చు, అర లేనివాడికి ఊపిరి ఆగిపోవచ్చు. పైగా పళ్ల విషయంలో ఈ పరీక్షే కొంచెం బలహీనం. ల్యాబు వాళ్లు వాడే మామిడి సారం ఏ ఊరి కాయదో, ఎన్నాళ్ల కిందటిదో! పళ్ల సారం నిలవుంటే చప్పబడిపోతుంది. చెట్టు మీది కాయ చేసే గొడవ అందులో కనబడకపోవచ్చు."

"మరి తక్కువ అని వాళ్లే రాశారు కదండీ?" అన్నాను, మునిగేవాడికి గడ్డిపోచలాగా.

"కింద గీత చూశారా? ఆయన ఒంట్లో ఈ రకం యాంటీబాడీలు మొత్తం కలిపినా ముప్పై చిల్లర. కడుపులో పురుగులుండే మన కొండల వాళ్లకి వేలల్లో వస్తాయి. ముప్పైలో అర అంటే, వేలల్లో అర లాంటిది కాదు. అయినా అదంతా తర్వాత. మూడేళ్లు, మూడుసార్లు, ప్రతిసారీ పది నిమిషాల్లోపు, ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ. ఈ కథ వినకుండా అంకె ఎందుకు చదివారు? కథ లేకపోతే పెద్ద అంకెకీ విలువ లేదు. కథ ఉంటే చిన్న అంకెని తీసిపారెయ్యకూడదు." "వాళ్ల కొత్త ఎప్పుడు?" అంది.

లెక్క పెడితే ఎనిమిది రోజులుంది. మర్నాడు సంత. సుక్రు సంతకి రాకుండా ఉండడు, నేను వెతుక్కుంటూ వెళ్లాను.

కోళ్ల దగ్గర కనిపించాడు. ఒక ఎర్ర పుంజుని చంకలో పెట్టుకుని, ప్రశాంతంగా బీడీ కాలుస్తున్నాడు. నడుముకి కత్తి లేదు. ఎప్పుడూ ఉండే కత్తి ఏదని అడిగాను. తమ్ముడికి ఇచ్చేశానన్నాడు. మిరియం తోట తమ్ముడికి అప్పజెప్పాడట, పొయ్యి మీద అటక బాగుచేశాడట, చిన్నమ్మికి ఏడాదికి సరిపడా కట్టెలు కొట్టి పేర్చాడట.

"ఏటి సేత్తన్నావు సుక్రూ?" అన్నాను. ఖంగారు పడితే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

"ఈ ఏడు అమ్మ కాడికి ఎలిపోతాను బాబూ. ముక్క తింటాను. తీసుకెల్తే తీసుకెల్తాది. నాను దాక్కుంటే ఊరి మీద పడతాది."

"అదేం మాట?"

"నివ్వే సెప్పావు గదా, రోగం కాదని. రోగం కాపోతే పాపమే."

చింతచెట్టు పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పాడు, మూడేళ్లుగా పెళ్లానికి కూడా చెప్పని మాట. మూడేళ్ల కిందట ఫాల్గుణంలో అతని తల్లి మంచాన పడింది. పది రోజులు అన్నం లేదు, అంబలి లేదు. ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి, నోరు చేదుగా ఉందిరా, మామిడికాయ పులుపు నాలిక మీద రాయరా అని అడిగింది. కొత్తకి ఇంకా ఇరవై రోజులుంది. కాదని చెప్పాడు. మళ్లీ అడిగింది. మూడోసారి అడగలేక అతని మొహంకేసి చూసింది.

"పెరట్లో పిందె తెంపినాను బాబూ. రాయి మీద అరగదీసి ఏలితో అమ్మ నాలిక మీద రాసినాను. సప్పరించింది, నవ్వింది. పొద్దు గూకకముందే పోనాది. ఆ ఏలు నాను నాకీసినాను, తెలీకుండానే. అప్పుడే నా పెదం సిమసిమలాడింది. ఆ ఏడు కొత్తకే మూతి వాసింది. కొత్త సెయ్యకముందు ఊరి పూజారే తినీసినాడు. జాకరమ్మ ఊరుకుంటాదా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషికి నేను 'నీకేం లేదు' అని చెప్పింది మంచి కబురు కాదు, శిక్ష. ఆసుపత్రి గడప అతను రోగం కోసం తొక్కలేదు. రోగమైనా బాగుణ్నని తొక్కాడు.

"సుక్రూ, నేను తప్పు చెప్పాను. నీకు రోగం ఉంది" అన్నాను.

అతను జాలిగా నవ్వాడు. "నా బాధ సూసి ఇప్పుడలగ అంటన్నావు. మిసను తప్పు సెప్పదని నివ్వే అన్నావు."

"మిషన్ తప్పు చెప్పలేదు, నేనే తప్పు చదివాను."

"నివ్వు ఇరవై తొమ్మిదేళ్లుగా తప్పు సదవలేదు బాబూ."

నా గొప్పలు నాకే గుదిబండలయ్యాయి. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాను. మేడమ్ నేను చెప్పిందంతా వింది. ఇంకో పరీక్ష ఉందని అతనికి చెప్పింది. తాజా మామిడికాయలో సూది గుచ్చి, ఆ సూదితో ముంజేతి మీద చర్మాన్ని ఇలా గీరినట్టు పొడిస్తే చాలు, పావుగంటలో చర్మమే చెబుతుంది. మిషన్‌తో పని లేదు, మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు అంది. సుక్రు కళ్లు ఒక్కసారి వెలిగాయి. వెంటనే ఆరిపోయాయి.

"కొత్త మామిడి గదమ్మా? కొత్త సెయ్యకుండా నా ఒంటికి తగలకూడదు. సూది మొనంత కూడా. ఒకపాలి సేసిన పాపం సాలు."

నేను ఏదో అనబోతే మేడమ్ చేత్తో ఆపింది. "పెద్దలకీ, అమ్మకీ పెట్టాక తగలొచ్చా?" అంది. సుక్రు ఆలోచించి, "అప్పుడు తగలొచ్చు" అన్నాడు. "అయితే అప్పుడే చేద్దాం. నేనే వస్తాను. అది అయ్యేదాకా ముక్క నోట్లో పెట్టనని నాకు మాటివ్వండి" అంది. సుక్రు మాటిచ్చాడు. నాలుగు బిళ్లలు తిరిగిచ్చిన మనిషి మాట గనక మేమిద్దరం నమ్మాం.

కొత్త రోజున బయల్దేరాక, ఇలాంటి పరీక్ష ఆసుపత్రి బయట చెయ్యకూడదని దారి పొడుగునా మేడమ్ తనని తను తిట్టుకుంటూనే ఉంది. ఒంటి మీద సూది మొనంత పడ్డా అరుదుగా ప్రమాదం రావొచ్చట. గెడ్డ దగ్గర జీపుని ఆసుపత్రి వైపు తిప్పి నిలబెట్టించింది. ఊపిరి ఆడనప్పుడు తొడకి పొడిచే ఇంజక్షను ముందే సిరంజిలో ఎక్కించి, చిన్న ఆక్సిజన్ సిలిండరు నా భుజానికి ఎత్తింది. గంట నడక. అది మోస్తూ నేను ఎక్కిన ఎత్తులు నా తప్పుకి తగిన జరిమానా అనుకున్నాను.

జాకరమ్మ రాళ్లు ఊరి పైన పనస చెట్ల మధ్య ఉన్నాయి. మేం వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఊరి పెద్ద సోంబరు, డెబ్భై దాటినవాడు, కర్ర ఆనించుకుని రాయి మీద కూర్చున్నాడు. సూది సంగతి చిన్నమ్మి ముందే అతని చెవిన వేసి ఉంచింది. ఎలా ఒప్పించిందో తెలీదు గానీ, ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ కొండల్లో లేడు. "అమ్మ ముందు మందేటి, సూదేటి" అని ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

సుక్రు స్నానం చేసి తడిబట్టతో నిలబడి కాయ కోశాడు. చిన్న కొండమామిడి, పీచు కాయ. పెద్దలకి ముక్క పెట్టాడు. అమ్మకి ముక్క పెట్టాడు. మూడో ముక్క ఆకులో పెట్టి, మాకేసి తిరిగి ఎడం చెయ్యి చాచాడు.

మేడమ్ సూదిని ముక్కలో గుచ్చి అతని ముంజేతి మీద పొడిచింది. పక్కనే వేరే సూదితో ఉత్త ఉప్పునీళ్లు. తర్వాత నన్ను చెయ్యి చాచమంది. నా చేతి మీదా కొత్త సూదితో అదే మామిడి, ఊరికి తేడా తెలియాలని. మా ఇద్దర్నీ పక్కపక్కన బండ మీద కూర్చోబెట్టి గడియారం చూసుకుంది. పావుగంట ఆగమంది.

ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తు. నలభై గడపల జనం రెండు చేతులకేసి చూస్తున్నారు. సుక్రు తన చేతిని అడవిలో దారి తప్పిన పసివాణ్ని చూసినట్టు చూస్తున్నాడు. బొడిపె రావాలని మనసులో నేను మొక్కని దేవుడు లేడు. ఒక మనిషికి జబ్బు ఉండాలని అంతగా మొక్కుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి, అదే చివరిసారి కావాలి.

ఐదు నిమిషాలకి ఏమీ లేదు. ఎనిమిదో నిమిషానికి సుక్రు వేళ్లు కదిలాయి. "దురద" అన్నాడు. మామిడి గుచ్చిన చోట ముందు ఎర్రబడింది, తర్వాత మధ్యలో తెల్లగా ఉబ్బడం మొదలైంది. పదిహేను నిమిషాలయ్యేసరికి కందిగింజ కంటే పెద్ద బొడిపె, చుట్టూ ఎర్రటి ముద్ర. ఉప్పునీళ్ల చోట ఏమీ లేదు. నా చేతి మీద దోమ కుట్టినంత గుర్తు కూడా లేదు. మేడమ్ బాల్‌పెన్నుతో బొడిపె చుట్టూ గీత గీసి, స్కేలు పెట్టి కొలిచింది. ఏడు మిల్లీమీటర్లు.

"మామిడి మీకు పడదు పెద్దాయనా" అంది. "మూడేళ్ల కథ, ఈ బొడిపె, ఆ చిన్న అంకె, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఇక నోట్లో పెట్టకూడదు, ముక్క కాదు కదా రసం కూడా."

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. "రిపోర్టు సరిగానే వచ్చింది. లేదని చెప్పింది నేను. తప్పు నాది" అన్నాను, అందరికీ వినబడేలా. కింద నుంచి వచ్చి పాతికేళ్లకు పైగా పెత్తనం చేసినవాడికి ఆ మాట అంత సులువుగా రాదు. వచ్చాక మాత్రం భుజం మీది సిలిండరు దించినట్టయింది.

"అయితే అమ్మ కోపం కాదన్నమాట" అన్నాడు సోంబరు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. సుక్రు బతికిపోయేవాడు, పరువూ నిలిచేది. కానీ ఆ హరిశ్చంద్రుడు ఊరుకోడే!

"పెద్దయ్యా, ఒక మాట ఉంది" అని మొదలుపెట్టి, తల్లి సంగతి, పిందె సంగతి, నాకిన వేలి సంగతి అంతా రాళ్ల ముందు నిలబడి చెప్పేశాడు. "రోగం ఉంటే ఉండనీ. సేసింది సేసినట్టే గదా. మీరు ఏటి సెప్తే అదే."

చిన్నమ్మి కొంగు నోట్లో కుక్కుకుంది. సోంబరు చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"కొత్తనాడు ముందు ముక్క ఎవులికి పెడతావురా?" అన్నాడు.

"పెద్దలకి."

"తరవాత?"

"అమ్మకి."

"మీ అమ్మ ఆనాటికి ఎటు ఉన్నాది? అన్నం ఒగ్గీసి పది రోజులు. సగం మనకాడ, సగం పెద్దలకాడ. పెద్దల వాటా ఆల నోటికే పెట్టినావు. ఇరవై రోజులు ముందు పెట్టినావు, అంతే. నాను పోయే యాలకి అడిగితే నా కొడుకు పెడతాడో పెట్టడో!" ముసలాయన ముక్కు చీదుకున్నాడు. "సాల్లే, ఎండెక్కిపోతన్నాది. ముక్క తినేదెవులు? పూజారి ఇంటి నోరు తినాల."

"నానేటి, ఆ ఇంటి నోరు కాదేటి?" అంది చిన్నమ్మి.

ఆడమనిషి కొత్త ముక్క తినడం ఎన్నడూ లేదని ఇద్దరు ముగ్గురు గొణిగారు. "ఆ ఇంట్లో నోరంటూ ఉంటే అది చిన్నమ్మిదే" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు, గొణుగుడు ఆ నవ్వులో కొట్టుకుపోయింది. సోంబరు కూడా చెయ్యి ఊపేశాడు. సుక్రు ఆకుతో పట్టుకుని ముక్క పెళ్లాం నోటికి అందించాడు. ఆవిడ పులుపుకి ఒక కన్ను మూసి, బాగా నమిలి, అందరికీ కనబడేలా మింగింది. డప్పులు మొదలయ్యాయి.

మేం బయల్దేరుతుంటే సుక్రు వెంట వచ్చాడు. చేతి మీద బొడిపెని మెల్లగా తడుముతూ, "ఇది ఎన్నాళ్లుంటాది బాబూ?" అన్నాడు. గంటలో పోతుందన్నాను. "అయ్యో" అన్నాడు. "పోతే మరి రేపెవులైనా అడిగితే?"

ఆ తర్వాత మూడు వారాలు సుక్రు కనిపించలేదు. తోటపుట్టు ఆశా కార్యకర్త దగ్గర ఇంజక్షను ఉంచి, ఎప్పుడు ఎలా పొడవాలో మేడమ్ నేర్పించి వచ్చింది. నా గదిలో ఇప్పుడు ఏ రిపోర్టు వచ్చినా కవరు కవరులాగే డాక్టరు బల్ల మీదకి వెళ్తోంది. నోరు దురదపెట్టినా మూసుకుంటున్నాను.

వైశాఖంలో ఒక సంత రోజు వచ్చాడు. నడుముకి కత్తి ఉంది. చంకలో పుంజు లేదు గానీ ఆకులో చుట్టిన పిప్పళ్లు తెచ్చాడు. స్వెట్టరు చెయ్యి పైకి లాగి ముంజెయ్యి నా ముందు పెట్టాడు. బాల్‌పెన్ను గీత ఉన్నచోటే, అంతే కొలతలో, పచ్చబొట్టు గుండ్రంగా పొడిపించుకున్నాడు. చుట్టూ చర్మం ఇంకా పూర్తిగా మానలేదు.

"పచ్చబొట్లు ఏసే అసిరమ్మ పొడిసింది, సంతలో" అన్నాడు. "నీ కాగితం సెదలు తినీగలవు బాబూ. తప్పు సదవగలరు కూడా. ఇది సూస్తే సాలు, మామిడి ఎట్టకూడదని ఎవులికైనా తెలుస్తాది." చెయ్యి వెనక్కి తీసుకుని వేలితో ఆ గుండ్రాన్ని రాసుకున్నాడు. "పచ్చబొట్టు సచ్చినా ఎంట వస్తాదంటారు. మా అమ్మకి కూడా తెలుస్తాది."